తల్లి పేరు రాసిన మూల

ఈజిప్టు పల్లె కోమ్ రయాన్‌లో మగపిల్లవాడికి మాటలు రాగానే నేర్పే మొదటి జాగ్రత్త, తల్లి పేరు బయట పలకకూడదని. బడిలో గానీ వీధిలో గానీ చెరకు పొలంలో గానీ ఒకడి తల్లి పేరు ఇంకొకడికి తెలిసిందంటే వాడి జుట్టు వీడి చేతికి చిక్కినట్టే. పెళ్ళి పత్రిక మీద కూడా పెళ్ళికూతురి పేరుండదు, ఫలానావారి అమ్మాయి అని ఉంటుంది. ఇన్సాఫ్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగింది కనుక ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసే ఆ పొరపాటు చేసింది. సరిగ్గా చెప్పాలంటే, తెలుసు గనుకే చేసింది.

ఆమె ఊరి ఆరోగ్య కేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తుంది. వయసు ఇరవై ఆరు. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. కైరో నుంచి డాక్టర్ సుహైర్ అనే ఆవిడ వచ్చి, ఊళ్ళోని నర్సింగ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులకు సుఖవ్యాధుల గురించీ, వాటినుంచి కాపాడుకోవటం గురించీ పాఠాలు చెబుతానన్నప్పుడు సాయంగా ఇన్సాఫ్‌ను పెట్టుకుంది. పాఠాలకు ముందొకసారి, తరువాతొకసారి విద్యార్థులు ఒకే ప్రశ్నల కాగితం నింపాలి. పేరు రాయకూడదు. కానీ ముందు కాగితమూ తరువాతి కాగితమూ ఒకరివేనని తెలియాలంటే ఏదో ఒక గుర్తు ఉండాలి కదా. విదేశాల నుంచి వచ్చిన నమూనాలో, చిన్నప్పుడు పెంచుకున్న కుక్క పేరు రాయమని ఉంది. డాక్టరమ్మకు నవ్వొచ్చింది.

"ఇక్కడ కుక్కను ఎవరు పెంచుతారు? పక్క కుర్చీలో వాడికి కూడా తెలియని మాట ఒకటి చెప్పు ఇన్సాఫ్" అని అడిగింది.

తల్లి పేరు అంది ఇన్సాఫ్. ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎవరూ మరిచిపోరు. డాక్టరమ్మ ఆమె భుజం తట్టింది. ప్రతి కాగితం కుడివైపు పై మూల చిన్న గడి గీయించింది. ఆ రాత్రి ఇన్సాఫ్ తల్లితో ఈ మాట గర్వంగా చెప్పుకుంది కూడా.

ఆదివారం పొద్దున అమ్మాయిల వంతు ముందు వచ్చింది. నలభై ఇద్దరు. కాగితాలు ఎవరూ చూడరని ఇన్సాఫ్ రెండుసార్లు చెప్పింది. మొదట కొంచెం ఇకఇకలు, మోచేతి పోట్లు ఉన్నాయి గానీ, పదో ప్రశ్న దాటేసరికి అందరూ తలలు వంచారు. రెండో వరుసలో రావియా అనే పిల్ల అందరికంటే ఆలస్యంగా ముగించింది. రాసిన ప్రతి మాటనూ ఎడమ అరచేత్తో కప్పి, మరో మాట రాసింది. కవరులో తన కాగితం తానే వేసి, వేలితో ఇంకా లోపలికి తోసింది. ఇన్సాఫ్ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

తరువాత అబ్బాయిల గది. ఎవరి కాగితం వాళ్ళు వచ్చి కవరులో వెయ్యాలన్నది నియమం. కానీ ఇన్‌స్టిట్యూట్ పర్యవేక్షకుడికి తొందరగా ఉంది. వెనక వరుస నుంచి ముందుకు అందించండి అన్నాడు. అలా కాదు సార్ అనటానికి ఇన్సాఫ్ నోరు తెరిచింది. ముప్పై ఎనిమిది మంది మగపిల్లలు ఆమెవైపు తిరిగారు. ఆమె నోరు మూసుకుంది.

ముందు వరుసలో చివర కూర్చున్న దియాబ్ కట్టంతా సర్దుతూ, ఒక కాగితం దగ్గర ఆగాడు. పక్కవాడు చేతికి అందించిన కాగితం అది. ఆ పక్కవాడు ఖలఫ్, రావియా అన్న. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే బంతిని తన్నుకుంటూ పెరిగినవాళ్ళు.

"ఏరా ఖలఫ్, షలబియా ఎలా ఉంది? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అన్నాడు దియాబ్.

గది గొల్లుమంది. షలబియా అన్నది అమ్మమ్మల కాలం పేరు, ఇప్పుడెవరూ పెట్టటం లేదు. అందుకని ఇంకా ఎక్కువ నవ్వారు. వెనక ఎవడో ఆ పేరును పెళ్ళిపాటలా సాగదీశాడు.

ఖలఫ్ లేచాడు. మొహంలో కోపం కనపడలేదు. కట్లు కట్టటం నేర్పే బల్లమీద, పళ్ళెంలో గాజుగుడ్డ కత్తిరించే కత్తెర ఉంది. దాన్ని తీసుకుని వచ్చి, దియాబ్ భుజం మీద చెయ్యి వేసినట్టే వేసి, మెడ ఎముక కింద దించాడు. ఎముకకు ఇనుము తగిలిన చప్పుడు ఇన్సాఫ్‌కు తలుపు దగ్గరికి వినపడింది. వాడు దాన్ని బయటికి లాగి మళ్ళీ పొడిచాడు. మూడోసారి చెయ్యెత్తేసరికి నలుగురు మీదపడి, వాడి తలను బల్లకేసి కొట్టారు. పళ్ళు రెండు నేలమీద పడ్డాయి. దియాబ్ కుర్చీలోనే కూర్చుని, ఇంకా సగం నవ్వు మొహంతో, తన చొక్కా ఎందుకు తడుస్తోందా అన్నట్టు చూసుకున్నాడు. ఊపిరి తీస్తే గాయంలోంచి బుడగలు వచ్చాయి. ఇన్సాఫ్ తన తలగుడ్డ విప్పి ఆ రంధ్రాలకు అదిమిపెట్టి మోకాళ్ళమీద కూర్చుంది. రక్తం ఆమె వేళ్ళ సందుల్లోంచి వేడిగా ఉబికింది. అబ్బాయిల కాగితాలన్నీ నేలమీద పడి ముద్దయ్యాయి. పోలీసులు వచ్చి ఖలఫ్‌తో పాటు వాటినీ తీసుకుపోయారు.

అమ్మాయిల కవరు మాత్రం ఆమె సంచిలోనే ఉండిపోయింది. దాన్ని ఆరోగ్య కేంద్రానికి తెచ్చి, టీకాల ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసింది. అంతకంటే గట్టి తాళం ఆ భవనంలో లేదు.

మధ్యాహ్నం ప్రార్థన వేళకు రావియా వచ్చింది. అమ్మాయిలందరూ ఇన్సాఫ్‌ను అబ్లా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్ళు.

"అబ్లా, నా కాగితం నాకిచ్చెయ్యి."

"ఎవరిదీ వెనక్కివ్వకూడదమ్మా. డాక్టరమ్మ మాట."

"మా అమ్మ పేరు ఊరంతా పాడుతున్నారు. నా కాగితం ఏదో ఇప్పుడు ఎవరైనా పట్టేస్తారు."

"తాళం వేశాను. ఎవరూ చూడరు."

"పొద్దున కూడా అదే అన్నావు" అంది రావియా. గొంతు పెంచలేదు. "అందులో ఉన్నది మా నాన్న చూస్తే నన్ను కాలవలో వెతుక్కోవాల్సిందే అబ్లా. మా అన్న జైల్లో ఉన్నాడు గనుక ఆ పని మా నాన్నే చెయ్యాలి."

ఆ మాట చెప్పి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది. ఇన్సాఫ్ డాక్టరమ్మకు ఫోను చేసింది. ఆవిడ కైరోకు తిరిగి వెళ్ళింది, అక్కడే వార్త విని ఏడుస్తోంది. అయినా కవరు తెరవొద్దంది. ఒక్కసారి తెరిస్తే ఇక ఏ పిల్లా మనల్ని నమ్మదు, అది గుర్తుపెట్టుకో అంది. ఆ మాట నిజమే. రావియా మాటా నిజమే. ఇన్సాఫ్ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. చెయ్యి ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ చుట్టూ ఎర్ర గీత పోలేదు.

కాపలా ఉండే సాబిర్ మామ బజారు నుంచి పరుగున వచ్చాడు. దియాబ్ బతుకుతాడో లేదో తెలియదట. వాడి అన్న హరాజీ, వంతెన దగ్గర గలాబియాలనే పొడుగు అంగీలు కుట్టే దర్జీ, ఆస్పత్రి మెట్లమీద ఒట్టు వేశాడట. తమ్ముడు చస్తే ప్రాణానికి ప్రాణం తీసుకుంటాడు. అందాకా షలబియా కూతురు ఆ సర్కారు కాగితంలో ఏ సిగ్గుమాలిన మాటలు రాసిందో తెచ్చి, తన కొట్టు గోడకు అంటిస్తాడు.

"ముగ్గురొస్తున్నారు, కర్రలున్నాయి. వెనక గోడ దూకి ఇంటికి పో తల్లీ" అన్నాడు మామ.

"పోతే ఫ్రిజ్ పగలగొడతారు."

"పగలగొట్టనీ. అది నీ బాబు సొమ్మా?"

ఆమె పోలేదు. మామ బయటి గేటుకు గొలుసు వెయ్యటానికి వెళ్ళాడు. ఆమె పోలీసులకు ఫోను చేసి, ఫ్రిజ్ తెరిచింది. కవరు చించింది.

కాల్చేద్దామని ముందు అనుకుంది. కానీ బూడిద చూస్తే హరాజీ నోటికొచ్చింది చెబుతాడు, దాచటానికే కాల్చారంటాడు, ఊరు నమ్ముతుంది. కాగితాలు ఉండాలి, అవి ఎవరివో మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఆమె దూది కత్తిరించే కత్తెర తీసుకుని ఒక్కొక్క కాగితం కుడి పై మూల కత్తిరించటం మొదలుపెట్టింది. నజాహ్, ఇక్బాల్, సమీరా, ఫహీమా. ఊళ్ళోని ఆడవాళ్ళందరూ చిన్న చిన్న ముక్కలుగా ఆమె ఒళ్ళో రాలారు. పంతొమ్మిదో కాగితం మీద షలబియా.

చదవకూడదనే అనుకుంది. కళ్ళు ఆగలేదు. బలవంతం జరిగిందా అన్న చోట అవును. ఎవరు అన్న చోట దగ్గరి బంధువు. చికిత్స తీసుకున్నావా అన్న చోట లేదు. అడుగున, ఏమైనా అడగదలిస్తే రాయండి అన్న ఖాళీలో, పొడుగు అక్షరాలతో ఇలా ఉంది: నాలుగు నెలలుగా నొప్పి తగ్గటం లేదు. ఎవరికీ తెలియకుండా దీనికి పరీక్ష, మందు దొరికే చోటు ఎక్కడైనా ఉందా?

గేటు గొలుసు మీద మొదటి దెబ్బ పడింది.

ఆమె మిగతా ఇరవై మూడు మూలలూ కత్తిరించింది. గది మూలన, వాడిన సూదులు వేసే పసుపుపచ్చ అట్టపెట్టె ఉంది. నిండితే ఊరి బయట కాల్చేస్తారు. ముక్కలన్నీ దాని చిల్లులోంచి లోపలికి తోసింది. కాగితాలను కలిపి, కవరులో పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ తాళం వేసింది. బయట సాబిర్ మామ ఏదో బతిమాలుతున్నాడు. కర్ర మనిషి మీద పడిన చప్పుడు వేరుగా ఉంటుంది. అది రెండుసార్లు వినపడింది, తరువాత మామ గొంతు లేదు.

హరాజీ సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి. మెళ్ళో కొలత టేపు ఇంకా అలాగే ఉంది. వెంట ఇద్దరు బంధువులు. తాళంచెవి ఇమ్మన్నాడు. ఆమె ఇవ్వలేదు. వాళ్ళలో ఒకడు కర్ర తిప్పి ఆమె ఎడమ భుజం మీద కొట్టాడు. మెడ ఎముక విరిగి, చెయ్యి తనది కానట్టు కిందికి వేలాడింది. వాళ్ళే ఫ్రిజ్ తలుపు పగలగొట్టారు. టీకా సీసాలు నేలమీద పడి పగిలాయి.

హరాజీ కవరు తీసి కాగితాలు బల్లమీద పరిచాడు. పేర్లు లేవు. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. కత్తిరించిన అంచు మీద వేలు పెట్టాడు.

"మూలలేవి?"

ఆమె వేలాడే చేతిని కుడిచేత్తో పట్టుకుంది.

"నేను దర్జీని అమ్మాయ్. ఏ ముక్క ఏ గుడ్డలోదో అంచు చూస్తే చెబుతా. ఆ షలబియా ముక్క దొరికితే చాలు, దాని కాగితం నిమిషంలో పట్టుకుంటా. మూలలేవి?"

ఆమె కత్తెర ఎన్నడూ తిన్నగా నడవదు. ప్రతి ముక్కా ఒక్కో రకంగా వంకర తిరిగింది. అది ఇప్పుడు తట్టింది ఆమెకు. తెలియకుండానే కాలు పసుపు పెట్టెకు అడ్డం పెట్టింది. అతను చూశాడు. పెట్టెను కాలితో లాగి పై అట్ట చింపేశాడు. లోపల సూదులు, సిరంజీలు, తడి స్పిరిటు దూది. వాటి మధ్య తెల్లటి ముక్కలు.

"ఆ పెట్టెలో చెయ్యి పెట్టకు అన్నా" అంది ఇన్సాఫ్. "వారం నుంచి ఊరందరికీ పొడిచిన సూదులు. వైరస్ సి ఉన్నవాళ్ళవి కూడా అందులోనే ఉన్నాయి."

హరాజీ ఆగాడు. వాళ్ళ నాన్న ఆ వైరస్‌తోనే కాలేయం కుళ్ళి పోయాడు. పొట్ట కుండలా ఉబ్బి, నోట రక్తం కక్కుతుంటే ఈ కొడుకే గిన్నె పట్టాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అతని చెయ్యి వెనక్కి వచ్చింది. తన భయం ఇంకొకరు చూశారని తెలిసిన మనిషి మొహం ఎలా ఉంటుందో, అలా అయింది అతని మొహం.

"అయితే నువ్వే తియ్" అన్నాడు.

ఆమె జుట్టు పట్టి వంచాడు. మణికట్టు పట్టుకుని, ఆమె కుడిచేతిని పెట్టెలోకి మోచేతి దాకా తోశాడు. ఒక్కొక్క సూదీ విడివిడిగా తెలిసింది ఆమెకు. బొటనవేలి కింద ఒకటి, అరచేతి మధ్యలో రెండు, గోటి సందున ఒకటి. అరుపు వచ్చింది, ఆపుకోలేదు. కానీ చెయ్యి ఊరుకోలేదు. లోపల ముక్కల్ని దొరికినన్ని దొరకబుచ్చుకుని, తడిదూదితో కలిపి, సూదులతో సహా గుప్పిట బిగించింది. బిగించి మెలిపెట్టింది. అతను చెయ్యి కదిలిన కొద్దీ ఇంకా కిందికి అదిమాడు. ఆమె ఇంకా బిగించింది.

"పైకి తియ్యి" అన్నాడు చివరికి.

తీసింది. బల్లమీది తెల్లకాగితాల మీద గుప్పిట విప్పింది. ఒక ముద్ద పడింది. రక్తం, స్పిరిటు, చిరిగిన దూది, నీలి సిరా కారిపోయిన కాగితపు గుజ్జు. అరచేతిలో గుచ్చుకున్న సూది ఒకటి ఊడిరాక అలాగే వేలాడుతోంది. రక్తం కాగితాల మీదికి పాకింది.

"వెతుక్కో" అంది.

వెంట వచ్చిన ఇద్దరూ గోడకు ఆనుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు హరాజీ చొక్కా పట్టుకున్నాడు. "ముట్టుకోకురా. మీ నాన్నను చూళ్ళేదా? పద, పోదాం."

హరాజీ కర్ర అందుకుని బల్లను కొట్టాడు. తరువాత ఆమె కుడిచేతిని కొట్టాడు. రెండు వేళ్ళు విరిగాయి. మూడో దెబ్బకు కర్ర ఎత్తాడు గానీ దించలేదు. పోలీసుల బండి కూత వంతెన దగ్గర వినపడుతోంది. ఆ ముద్దలో ఎక్కడో షలబియా ఉంది. దాన్ని తియ్యటానికి అతని వేళ్ళు ముందుకు పోలేదు. పోతూ పోతూ గుమ్మంలో కక్కుకున్నాడు.

దియాబ్ చావలేదు. ఒక ఊపిరితిత్తి సగం పోయింది. ఖలఫ్ జైల్లోనే ఉన్నాడు. సాబిర్ మామ తలకు పదకొండు కుట్లు పడ్డాయి. డాక్టరమ్మ ఫోనులో, మూలలు లేకుండా ముందు కాగితాన్ని తరువాతి కాగితంతో ఎలా జతచెయ్యాలని ఒక్కసారే అంది. తరువాత ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నాలుగోనాడు ఇన్సాఫ్ ఒక చేతికి జోలి, ఇంకో చేతికి పట్టీలతో షలబియా ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటి ఆడమనిషి నాలుగురోజులుగా గడప దాటలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, ఎండలో పొంగబెట్టిన పిండితో రొట్టెలు కాలుస్తోంది. ఇంటాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సూదులు గుచ్చుకున్నందుకు జిల్లా కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలని, ఇవాళొకటి, మూడు నెలలకొకటి, ఆరు నెలలకొకటి అన్నారని ఇన్సాఫ్ చెప్పింది. రెండు చేతులూ పనికిరావని, సంచి పట్టటానికి, బట్ట సర్దటానికి ఆడతోడు కావాలని అడిగింది. నర్సింగ్ చదువుతున్న పిల్లయితే మేలంది. అంతా నిజమే.

ఇంటాయన ఇటు తిరిగి ఆమె చేతుల్ని చూశాడు. తన ఇంటి పరువు గోడకెక్కకుండా విరిగిన చేతులవి. కాదనకుండా మళ్ళీ గోడవైపు తిరిగాడు. షలబియా మాత్రం చేతుల్ని చూడలేదు. ఇన్సాఫ్ మొహంలోకి చాలాసేపు చూసింది.

"తీసుకెళ్ళు" అంది. "ప్రతిసారీ తీసుకెళ్ళు." వేడి రొట్టెలు రెండు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

రైల్లో రావియా ఏమీ అడగలేదు. ఇన్సాఫ్ కూడా ఆ బంధువు ఎవరని అడగలేదు. చెబితే వింటుంది. రొట్టె తుంచి రావియానే ఆమె నోట్లో పెట్టింది.

జ్వరాల ఆస్పత్రి వెనక చిన్న గది. బల్ల వెనక లావుపాటి నర్సు ఇద్దరికీ చెరొక అట్టముక్క ఇచ్చింది. ఒకదానిమీద ఏడు, ఇంకోదానిమీద ఎనిమిది. ఫలితానికి వచ్చే వారం ఇది చూపిస్తే చాలంది.

"పేరు రాయొద్దా?" అంది రావియా.

"వద్దమ్మా."

"అమ్మ పేరు?"

నర్సు తలెత్తింది. "అదెందుకు నాకు? రండి, ఎవరు ముందు?"

ఇన్సాఫ్ ముందు కూర్చుంది. వేలమందికి సూది వేసిన మనిషికి, ఆ సన్నటి సూది దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా వణికి కుర్చీ కాళ్ళు నేలమీద టకటకలాడాయి. రావియా వెనకనుంచి ఆమె తలను తన పొట్టకు ఆనించుకుని, ఆమె కళ్ళను అరచేత్తో మూసింది. గొట్టం నిండింది. తరువాత ఎనిమిదో నంబరు పిల్ల కుర్చీలో కూర్చుని, అడగకముందే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది.